ల్యాబ్ రిపోర్టులో 64, నా లెక్కలో 35: మోతాదుకు ఏ అంకెను పట్టుకోవాలి?

ప్రశ్న (వార్డు ఫార్మసిస్టు)

నమస్కారం. నేను ఆసుపత్రి ఫార్మసీలో చేరి ఏడాది కావస్తోంది. గుండె లయ తప్పిన (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) ఒక వృద్ధురాలికి రివరాక్సబాన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) మొదలుపెట్టాలని వైద్యులు నిర్ణయించారు. ఆమె వయసు 82 ఏళ్లు, బరువు 46 కిలోలు, ఎత్తు 148 సెంటీమీటర్లు, సీరం క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపే ఒక వ్యర్థం రక్తంలో ఉన్న మోతాదు) డెసిలీటరుకు 0.9 మిల్లీగ్రాములు. ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాల వడపోత వేగం అంచనా) 64 అని ఉంది. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో (వయసు, బరువు, క్రియాటినిన్ బట్టి మూత్రపిండాల పనితీరును అంచనా వేసేది) నేను లెక్కిస్తే 35 వచ్చింది. మొదటి అంకె ప్రకారం రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండవ దాని ప్రకారం 15 మిల్లీగ్రాములు ఇవ్వాలి. ఒకే రక్తపు చుక్క నుంచి ఇంత దూరంగా రెండు ఫలితాలు ఎందుకు వస్తున్నాయో, మోతాదుకు దేనిని ఆధారంగా తీసుకోవాలో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1 (క్లినికల్ ఫార్మసిస్టు)

మీ లెక్క సరైనదే: 140లో నుంచి వయసు తీసివేస్తే 58, దానిని బరువు 46తో గుణించి, 72 × 0.9తో భాగించి, స్త్రీ కాబట్టి 0.85తో గుణిస్తే 35 వస్తుంది. ల్యాబ్ అంకెలోనూ తప్పు లేదు, అది 2021 నాటి సీకేడీ-ఈపీఐ (ఈజీఎఫ్ఆర్ లెక్కించే) సమీకరణం ఇచ్చే ఫలితమే. అయితే ఈ రెండూ ఒకే వస్తువును కొలవడం లేదు.

ల్యాబ్ ఇచ్చేది 1.73 చదరపు మీటర్ల శరీర ఉపరితల వైశాల్యం ఉన్న దేహానికి సర్దిన విలువ. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఏ దశలో ఉందో చెప్పడానికి, ఒక రోగిని మరొకరితో పోల్చడానికి ఆ సర్దుబాటు అవసరం. మందును బయటికి పంపేది మాత్రం ఆ ఊహాదేహం కాదు, ఎదురుగా ఉన్న మనిషి మూత్రపిండాలు. ఆమె వైశాల్యం సుమారు 1.37 చదరపు మీటర్లే కనుక 64ను 1.37తో గుణించి 1.73తో భాగించండి, 51 వస్తుంది. అంటే తేడాలో దాదాపు సగం ఆ సర్దుబాటు వల్ల వచ్చిందే. మిగిలినది రెండు సూత్రాలు వయసును, బరువును వేర్వేరుగా లెక్కలోకి తీసుకోవడం వల్ల వచ్చింది.

ఇక ఏది వాడాలన్న విషయం. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ 1976లో 249 మంది పురుషుల వివరాల నుంచి పుట్టింది; స్త్రీలకు వాడే 0.85 ఆ అధ్యయనంలో కొలిచి తేల్చినది కాదు, ఒక అంచనా మాత్రమే. అంత పాత సూత్రాన్ని ఇంకా ఎందుకు పట్టుకుని ఉన్నామని చాలామంది అడుగుతారు. ఈ మందును పరీక్షించిన ప్రధాన అధ్యయనంలో ఎవరికి 15, ఎవరికి 20 ఇవ్వాలో నిర్ణయించినది ఆ సూత్రమే. 30 నుంచి 49 మధ్య ఉన్నవారికి 15 ఇచ్చారు. మోతాదు హద్దును ఏ కొలబద్దతో గీశారో రోగిని కూడా దానితోనే కొలవాలి. అందువల్ల ఈమెకు 15 సరైనదని నా అభిప్రాయం. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ విషయంలో మాత్రం హద్దులను ఈజీఎఫ్ఆర్‌లోనే చెప్పారు (30కి దిగువన వాడకూడదు), కాబట్టి అక్కడ ల్యాబ్ అంకెనే చూడాలి.

ప్రశ్నించినవారు

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇంకొక సందేహం. వృద్ధులలో క్రియాటినిన్ 1 కన్నా తక్కువగా ఉంటే దానిని 1గా భావించి లెక్కించాలని మా విభాగంలో అలవాటు ఉంది. అది మంచిదేనా?

సమాధానం 2 (మూత్రపిండ వైద్యుడు)

ఆ అలవాటును మానుకోమని గట్టిగా చెబుతాను. ఇదే వృద్ధురాలికి క్రియాటినిన్ 0.5 ఉందనుకోండి: సూత్రం 63 అంటుంది, 1గా మార్చగానే 31 అంటుంది. ఒక్క కలంపోటుతో మూత్రపిండాల పనితీరును సగానికి తగ్గించేశాం. దాని వెనుక ఉన్న ఆందోళన మాత్రం న్యాయమైనదే. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. మంచాన పడి కండ కరిగిపోయిన వారిలో అది తక్కువగా ఉండడం మూత్రపిండాలు బాగున్నాయని సూచించదు. అటువంటి వారికి అంకెను దిద్దడం కన్నా సిస్టాటిన్-సి (మూత్రపిండాలు వడపోసే మరొక పదార్థం) పరీక్ష చేయించడం మేలు, ఎందుకంటే అది కండరాలపై అంతగా ఆధారపడదు. స్టెరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ సమస్య ఉన్నా అది కూడా పక్కదారి పట్టిస్తుందని గుర్తుంచుకోవాలి.

వీటన్నింటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. ఈ సూత్రాలన్నీ క్రియాటినిన్ నిలకడగా ఉందనే నమ్మకం మీద నిలబడ్డాయి. నిన్న 0.9 ఉన్నది ఈ ఉదయానికి 1.8 అయితే, సూత్రం 17 చూపించినా నిజానికి వడపోత దాదాపు ఆగిపోయి ఉండవచ్చు, ఎందుకంటే రక్తంలో క్రియాటినిన్ పేరుకోవడానికి సమయం పడుతుంది. కోలుకునేటప్పుడు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది: మూత్రపిండాలు ముందే తేరుకుంటాయి, అంకె మాత్రం వెనకబడి ఉంటుంది. అటువంటి రోజున సూత్రం కన్నా మూత్రం ఎంత వస్తోంది, క్రియాటినిన్ ఏ దిశగా కదులుతోంది అన్నవే ఎక్కువ చెబుతాయి. ట్రైమెథోప్రిమ్ (ఒక యాంటీబయాటిక్) వంటి మందులైతే వడపోతను తగ్గించకుండానే క్రియాటినిన్‌ను పెంచుతాయి.

పొరపాటు ఎటువైపు జరిగితే ఎక్కువ నష్టమో కూడా ఆలోచించండి. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే పక్షవాతం, రెండూ భయంకరమైనవే. సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే ప్రాణాంతక స్థితితో) వచ్చిన రోగికి పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్‌ను తొలి రోజునే తగ్గించడం మాత్రం చాలాసార్లు ఎక్కువ ప్రమాదకరం. తొలి మోతాదును మూత్రపిండాలను చూసి తగ్గించనవసరం లేదు. అది మందు శరీరంలో ఎంత మేర విస్తరిస్తుందన్న దానిపై ఆధారపడుతుంది. ఆ తరువాతి మోతాదులకే ఈ లెక్క. వ్యాంకోమైసిన్, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లకు రక్తంలో మందు స్థాయినే కొలవవచ్చు కాబట్టి, అంచనా మొదటి అడుగుకు మాత్రమే.

ప్రశ్నించినవారు

వైద్యులతో మాట్లాడాను. గత మూడు నెలల రిపోర్టులు తీసి చూస్తే క్రియాటినిన్ 0.8, 0.9 మధ్యనే నిలకడగా ఉంది, కనుక 15 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. ఏ సూత్రంతో, ఏ రోజు బరువుతో లెక్కించానో కేసు షీటులో రాశాను. మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయాలో కూడా దాని పక్కనే రాయించాను.