డెడ్‌లిఫ్ట్ చేసిన మర్నాడు నడుము పట్టేస్తాంది, ఫామ్ యాడ తప్పుతాంది?

అనంత_24
అన్నలకి నమస్కారం. మాది అనంతపురం, ఇంటి దగ్గర చిన్న జిమ్‌కి పోతాండా. బరువు 68 కేజీలు. స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని గుంజీలు), బెంచ్ (పడుకుని రాడ్డు ఛాతీ మీంచి ఎత్తేది) బాగానే ఉండాయి గానీ డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డుని పట్టుకుని నిలబడేది) చేసిన మర్నాడు మటుకు కింద నడుము గట్టిగా పట్టేస్తాంది, బైక్ ఎక్కాలన్నా కష్టమే. ఎత్తేది పెద్ద బరువేం కాదు, రాడ్డుకి అటు ఒకటి ఇటు ఒకటి పది కేజీల ప్లేట్లు అంతే. ట్రైనర్ ఏమో ఆర్నెల్లు మెషీన్లు చెయ్ తర్వాత చూద్దాం అంటాడు, రూమ్మేట్ ఏమో మెషీన్లు వేస్ట్ అంటాడు. అట్లని మెషీన్ల మీద కూడా సుఖం లేదు, కూర్చుని కాళ్లు ముందుకి చాపే లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో మోకాలు కలుక్కుమంటాంది. వీడియోల్లో ఒకరు వీపు నిటారుగా పెట్టమంటారు ఇంకొకరు ముందుకు వాలమంటారు, ఏది నమ్మాల్నో తెలీడం లేదు. తెలిసినోళ్లు కొంచెం వివరంగా చెప్పండన్నా.

కడప_లిఫ్టర్
తమ్ముడూ, పది కేజీల ప్లేట్లు అన్నావే, నాకు అనుమానం అక్కడే వచ్చింది. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ 45 సెంటీమీటర్ల అడ్డకొలత ఉంటాది, అంటే రాడ్డు నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాది. మన చిన్న జిమ్ముల్లో ఇనుప ప్లేట్లు బాగా చిన్నవి, రాడ్డు దాదాపు చీలమండ దగ్గరికి దిగిపోతాది. అంత కిందికి నడుము వంగకుండా పోవడం చానామందికి కాదు, నువ్వు ఎంత జాగ్రత్త పడినా వంగుతాది. కాబట్టి ముందు టేప్ పెట్టి కొలువు. తక్కువ ఉంటే రెండు పక్కలా సమానంగా ప్లేట్లో చెక్క దిమ్మెలో పెట్టి ఆ ఎత్తుకి తెచ్చుకో, కదలకుండా ఉండాల.

ఇంక ఎత్తేది. పాదాల మధ్య నీ తుంటి వెడల్పు ఉంటే చాలు. రాడ్డు సరిగ్గా పాదం మధ్య మీద ఉండాల, మడమ నుంచి వేళ్ల దాకా మొత్తం పాదంలో మధ్య అని, షూ లేసుల ముడి దగ్గర అనుకో. ముందు తుంటి వెనక్కి తోసి వంగి రాడ్డు పట్టుకో, తర్వాత మోకాలి కింద ముందుండే ఎముక రాడ్డుకి తగిలేదాకా మోకాళ్లు వంచు, రాడ్డుని మాత్రం దొర్లించొద్దు. ఛాతీ ఎత్తు, చంకల్లో ఏదో పెట్టి నొక్కినట్టు బిగించు. ఊపిరి పొట్టలోకి తీసుకుని చుట్టూరా బిగబట్టు. అప్పుడు కూడా గుంజొద్దు, ముందు రాడ్డుకీ ప్లేట్లకీ మధ్య ఉన్న లూజు తియ్యి, టక్ అని చప్పుడొస్తాది, అప్పుడు నేలని కాళ్లతో కిందికి తొక్కు. రాడ్డు కాళ్లకి రాసుకుంటానే పైకి రావాల, రెండంగుళాలు ముందుకి పోయినా ఆ భారమంతా నడుము మీదే పడతాది. పైకొచ్చినాక వెనక్కి విల్లులా వంగుతారు కొందరు, ఆ పని మటుకు చెయ్యొద్దు.

వీపు సంగతి అడిగినావు గదా, వీపు ముందుకు వాలుతాది, వాలాల కూడా, వాలకపోతే అది స్క్వాట్ అయిపోతాది. వాలేటప్పుడు దాని ఆకారం మారకూడదు, అంతే. ఇంట్లో ఒక కర్ర తీసుకుని వీపు మీద నిలువుగా పెట్టుకో, తల వెనక, భుజాల మధ్య, పిర్రల మీద మూడు చోట్లా తగలాల. మూడూ తగిలి ఉండంగానే తుంటి వెనక్కి తోసి వంగు. ఏ ఒక్కటి లేచినా నీ నడుము కదిలినట్టే. అది కుదిరేదాకా బరువు పెంచొద్దు.

ఇంకొకటి, కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వీడియో చూడు. 69 కేజీల కేటగిరీ, అంటే ఇంచుమించు నీ బరువే, స్నాచ్‌లో (నేల నుంచి ఒకే ఊపున తల మీదికి) 110 కేజీలు, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 130 కేజీలు ఎత్తింది. ఆ లిఫ్ట్‌లు వేరే అయినా, రాడ్డు ఒంటికి ఎంత దగ్గరగా పోతాదో అది చూడు.

కర్నూలు_ఫిజియో
పైన అన్న చెప్పినదంతా కరెక్టే, రెండు విషయాలు కలుపుతాను. తమ్ముడూ, నడుముకి రెండు పక్కలా కండ పట్టేసి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే అంత భయం లేదు. నొప్పి పిర్రలోంచి కాల్లోకి దిగినా, తిమ్మిరి వచ్చినా, కాలు బలం తగ్గినట్టున్నా బరువులు ఆపేసి డాక్టర్‌కి చూపించు. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా అదే రోజు ఎమర్జెన్సీకి పోవాలి, తెల్లారనీలే అని కూర్చోవద్దు.

మెషీన్లు వేస్ట్ అనేది తప్పు మాట. ఫ్రీ వెయిట్‌లో, అంటే మెషీన్ లేకుండా రాడ్డు ఎత్తేటప్పుడు, రాడ్డు దారిని నీ ఒళ్లు సరిచేసుకుంటుంది, మెషీన్‌లో దారి ముందే ఫిక్స్ అయిపోయి ఉంటుంది, కాబట్టి సీటు నీ ఒంటికి సరిపోకపోతే ప్రతి రెప్‌లోనూ (ఎత్తి దించే ప్రతిసారీ) కీలు నలుగుతుంది. మనవాళ్లు ముందు కూర్చున్నవాడు వదిలిన సీట్లోనే కూర్చుని మొదలుపెడతారు, నాకు అది చూస్తే బాధ. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో మెషీన్ తిరిగే ఇరుసు ఉంటుంది చూడు, నీ మోకాలు సరిగ్గా దాని ఎదురుగా రావాలి, దానికోసం వీపు ఆనే సీటుని ముందుకీ వెనక్కీ జరుపుకో. ప్యాడ్ చీలమండకి కాస్త పైన. విసిరి తన్నకుండా నెమ్మదిగా లేపు. నీ కలుక్కు దీంతోనే తగ్గవచ్చు, తగ్గకపోతే చూపించుకో. లెగ్ ప్రెస్‌లో పిర్రలు సీటు మీంచి లేచేంత లోతుకి దించొద్దు, అక్కడ కూడా వంగేది కింద నడుమే. చెస్ట్ ప్రెస్ పిడులు ఛాతీ మధ్యకి రావాలి, మెడ దగ్గరికి కాదు. లాట్ పుల్‌డౌన్‌లో పైనున్న రాడ్డుని మెడ వెనక్కి లాగకుండా ముందు ఛాతీ పైభాగానికి లాగు.

ఊపిరి బిగబట్టడం గురించి, బీపీ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే డాక్టర్‌ని అడగకుండా చేయకండి, ఆ క్షణంలో బీపీ బాగా పెరుగుతుంది.

సీమ_బెంచ్
నువ్వు అడగలేదు గానీ బెంచ్ కూడా చేస్తాండావు కాబట్టి చెప్తాండా. బొటనవేలు రాడ్డు చుట్టూ తిప్పి పట్టుకో, వేలు తిప్పకుండా పట్టుకుంటే రాడ్డు జారి ఛాతీ మీదో గొంతు మీదో పడతాది. పొద్దున్నే జిమ్‌లో ఎవురూ లేనప్పుడు, రాడ్డుని ఆపే సేఫ్టీ రాడ్లు లేని బెంచ్ అయితే ప్లేట్లు జారకుండా పెట్టే క్లిప్పులు పెట్టొద్దు, ఇరుక్కుంటే ఒక పక్కకి వంచి ప్లేట్లు జార్చేయొచ్చు. మోచేతులు భుజాలకి నేరుగా పక్కలకి చాపొద్దు, కొంచెం లోపలికి.

అనంత_24
కొలిచినా అన్నా, 14 సెంటీమీటర్లే ఉంది! దిమ్మెలు పెట్టి చేసి చూస్తే తేడా అప్పుడే తెలిసింది, నడుము మీద కాకుండా తొడల వెనక పట్టింది. ఫిజియో అక్కా, సీటు కూడా జరిపినా, ఆ ఇరుసు సంగతి మా జిమ్‌లో ఎవురికీ తెలీదు, అందరికీ చూపించినా. బెల్టు కొనాల్నా?

కడప_లిఫ్టర్
సంతోషం తమ్ముడూ. తొడల వెనక పట్టాల, అదే కావాల్సింది. బెల్టు ఇప్పుడే వద్దు. బెల్టు దానంతట అది నడుముని మోయదు, నువ్వు పొట్టతో దాన్ని బయటికి నెట్టినప్పుడే పని చేస్తాది, ఆ బిగించడం ఉత్తగానే రావాల ముందు. ఇప్పటి బరువులోనే ఐదేసి రెప్పులు శుభ్రంగా వచ్చినాక 2.5 కేజీలు పెంచు, పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసి ఈడ పెట్టు, చూస్తాం. రాడ్డు బరువు కూడా ఒకసారి కాంటా మీద పెట్టి చూసుకో, ఒలింపిక్ రాడ్డు 20 కేజీలు గానీ చిన్న జిమ్ముల్లో సన్న రాడ్లు పదో పన్నెండో ఉంటాయి, అది తెలీకుండా లెక్క రాసుకుంటే వేరే జిమ్‌కి పోయినప్పుడు ఒకేసారి ఎక్కువ పడిపోతాది.