ఏటా టీకాలు వేయిస్తున్నాం, మళ్ళీ చెకప్ ఎందుకు? (ఆరేళ్ళ ల్యాబ్)

బెజవాడ_ల్యాబ్:
ఆడ ల్యాబ్రడార్, ఆరేళ్ళు, 36 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. రేబిస్ టీకా, బూస్టర్ ఏటా పడుతున్నాయి. తిండికి లోటు లేదు, బంతి విసిరితే పరుగే. ఈసారి డాక్టరుగారు రక్తం, మూత్రం కూడా చూద్దామన్నారు. జబ్బు లేని కుక్కకి ఇవన్నీ అవసరమా?

తోకాడించే_డాక్టర్:
"బాగానే తింటోంది" అనే మాట ల్యాబ్ విషయంలో లెక్కకు రాదండీ. ఒంట్లో బాగోకపోయినా గిన్నె నాకేసే జాతి అది. పెద్ద జాతులకి ఆరేడేళ్ళంటే ముసలితనం గుమ్మంలోకి వచ్చినట్టే. ఇక నుంచి ఆర్నెల్లకోసారి చూపించడం మంచిది.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగిందని రిపోర్టు చెప్పేసరికి కిడ్నీల పనిలో నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుంది. మూత్రం అంతకంటే ముందే చెప్తుంది. పొద్దున మొదటి మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే చిక్కదనం కొలత, 1.030 దాటితే నిశ్చింత. పదేపదే తక్కువ వస్తుంటే మాత్రం క్రియాటినిన్ నార్మల్‌గా ఉన్నా వదలకూడదు.

ఆపరేషన్ కాలేదు కాబట్టి రెండు వైపులా రొమ్ముల వరస పొడవునా వేళ్ళతో తడిమి చూడమనండి. శనగగింజంత గడ్డ దొరికినా పట్టించుకోవాలి. ఎదకొచ్చి వెళ్ళాక నెల రెండు నెలల్లో నీళ్ళు ఎక్కువ తాగి, డల్‌గా పడుకుంటే గర్భసంచిలో చీము అనుమానించాలి. ముఖద్వారం మూసుకుపోతే బయటికి చుక్క కూడా రాదు, అదే ప్రమాదం. ఆ రోజే స్కాన్ చేయించాలి.

36 కిలోలు కూడా ఎక్కువే అనిపిస్తోంది, ఆడ ల్యాబ్ సాధారణంగా 25 నుంచి 32 మధ్య ఉంటుంది. అరచెయ్యి నేలవైపు తిప్పి చాచి, వేళ్ళ వెనకభాగాన్ని రెండో చేత్తో తడమండి. పక్కటెముకలు అలా తగలాలి. బొటనవేలి కింద కండలా మెత్తగా ఉంటే లావెక్కినట్టే.

గోమారి_వేట:
పిడుదుల సంగతి ఎవరూ ఎత్తలేదే. మా వైపు గోమార్లంటాం. అవి కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో మొదటి జ్వరం తగ్గాక నెలలు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి పైకి ఏమీ కనిపించదు, లోపల ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) తగ్గుతుంటాయి. అందుకే సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) తప్పనిసరి. ప్లేట్‌లెట్లు 2 లక్షల లోపు వస్తే వెంటనే బెంబేలు పడొద్దు, అవి ముద్దకట్టినా మెషీన్ తక్కువగా లెక్కిస్తుంది. స్లయిడ్ మీద కూడా చూడమనండి.

టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీకియా అనే క్రిమి ఉందని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా కిలోకి 10 మిల్లీగ్రాముల లెక్కన 28 రోజులు రాస్తారు. ఐదోరోజుకి హుషారొచ్చిందని ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మాత్రని పెరుగన్నంలో కలపొద్దు, అందులోని కాల్షియం మందుని పట్టేస్తుంది. ఉత్తి మాత్ర గొంతులో అంటుకుంటే అన్నవాహిక పుండవుతుంది కాబట్టి తిన్నాక వేసి, వెనకే కాసిన్ని నీళ్ళు పట్టించాలి.

ఇంకోటి. పిడుదు గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు, గోడ పగుళ్ళలో. కుక్కకి మాత్రమే మందు వేసి ఇంటిని వదిలేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ మొదలు.

బెజవాడ_ల్యాబ్:
సరేనండీ, చేయిస్తాం. ఖాళీ కడుపుతో తీసుకెళ్ళాలా? మూత్రం పట్టడం ఎలా?

తోకాడించే_డాక్టర్:
ముందురోజు రాత్రి తిండి తర్వాత ఏమీ పెట్టొద్దు, నీళ్ళు మాత్రం ఉంచండి. మూత్రానికి పొడుగు కాడ గరిటె సుళువు. కూర్చున్నాక నెమ్మదిగా కిందికి జరపండి, మొదటి ధార వదిలేసి మధ్యది పట్టండి. కడిగి ఆరబెట్టిన సీసాలో పోయాలి. పచ్చడి సీసా అయితే ఎంత కడిగినా అనుమానమే. రెండు గంటల్లో పరీక్షలు చేసే ల్యాబ్‌కి చేరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. మలం ఆ పొద్దుటిదే, మట్టి అంటనిది చాలు. నేలలో ఉండే పురుగులు కలిస్తే రిపోర్టు తప్పుతుంది.

గోమారి_వేట:
జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. వాడుకోండి, కానీ ఆ రద్దీలో ఒళ్ళంతా చూసే తీరిక ఎవరికీ ఉండదు. చెకప్ వేరే రోజు పెట్టుకోండి.

పాత రిపోర్టులన్నీ ఒకే కవర్లో వెంట తీసుకెళ్ళండి. క్రియాటినిన్ నిరుడు 0.8, ఈ ఏడు 1.3 అనుకోండి, రెండూ నార్మల్ అనే రాసి ఉంటుంది. పక్కపక్కన పెడితేనే పెరిగిందని డాక్టరుగారికి తెలిసేది.