జర్మన్ "పుల్వర్" రోమన్ సైన్యంతో వచ్చిందా, మందుల కొట్టు నుంచి వచ్చిందా?

రైన్_ఒడ్డున
నేను కొలోన్‌లో ఉంటా. ఊరి పేరే లాటిన్ "కొలోనియా" నుంచి వచ్చింది, రోమన్లు కట్టిన ఊరు. ఇక్కడ ఏ సరుకుల షాపుకెళ్ళినా బాక్‌పుల్వర్ అంటే బేకింగ్ పౌడర్, వాష్‌పుల్వర్ అంటే బట్టలుతికే సబ్బు పొడి, మిల్ష్‌పుల్వర్ అంటే పాలపొడి. అన్నిటికీ మూలం లాటిన్లో దుమ్ముని అనే "పుల్విస్". విభక్తి చేరితే పుల్వెరిస్, పుల్వెరెమ్ అవుతుంది, చివర ర అక్కడిదే. నేననేది ఏంటంటే ఈ మాట రోమన్ సైన్యంతోనే వచ్చింది. రోడ్డుని ష్ట్రాసె అంటారు, అది లాటిన్ స్ట్రాటా. గోడ మావర్, అది మూరుస్. వైన్ సంగతి చెప్పక్కర్లేదు. ఇవన్నీ సైనికుల వెంట వచ్చినప్పుడు ఇదొక్కటి వేరే దారిలో ఎందుకొస్తుంది? గెలిచినోడి మాటే ఓడినోడి నోట్లోకి వస్తుంది.

అక్షరాల_సంచి
సైన్యం కాదండీ. సుమారు 6వ శతాబ్దం నుంచి 8వ శతాబ్దం దాకా ముఖ్యంగా దక్షిణ జర్మనీ మాటల్లో ఒక మార్పు జరిగింది, మొదట్లో ఉన్న ప కాస్తా ప్ఫ అయిపోయింది. అంతకుముందే వచ్చేసిన లాటిన్ మాటలన్నీ దాని కింద పడ్డాయి. పిపెర్ ప్ఫెఫర్ అయింది, ప్లాంటా ప్ఫ్లాంట్సె అయింది, గుంజని అనే పాలుస్ ప్ఫాల్ అయింది, తూకం పోందో ప్ఫుంట్ అయింది. పుల్విస్ కూడా సైనికుల కాలంలో వచ్చుంటే ఇవాళ మీ షాపులో "ప్ఫుల్వర్" అమ్మాలి. అమ్మట్లేదు కదా, మార్పు అయిపోయాకే వచ్చింది కాబట్టి. ఆ మాట మనకి కనపడేది మధ్యయుగపు జర్మన్లో, అంటే సుమారు 1050, 1350 మధ్య, బూడిద, పొడి అనే అర్థాల్లో. పశ్చిమ రోమ్ 476లోనే పోయింది.

పిప్పలి_మూలం
ప్ఫెఫర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్తున్నా, పిపెర్ మన పిప్పలి నుంచే వెళ్ళింది. 408లో గోత్ అనే జర్మన్ తెగ రాజు అలారిక్ రోమ్‌ని ముట్టడించి, వదిలిపెట్టడానికి బంగారంతో పాటు 3000 పౌండ్ల మిరియాలు అడిగాడు. మరి పుల్విస్ మాత్రం మన ధూళి నుంచి ఎందుకు వచ్చుండకూడదు? ఎవరూ ఆ కోణంలో చూడరు.

అక్షరాల_సంచి
పిప్పలి సంగతి నిజం, కాదనను. ధూళి మాత్రం కుదరదు. ధూళి, ధూమం వాటికి చుట్టాలు లాటిన్లో పొగని అనే ఫూముస్, ఇంగ్లీష్‌లో డస్ట్. పుల్విస్ చుట్టం పొల్లెన్, అంటే లాటిన్లో మెత్తటి పిండి. ఇప్పుడు పూల పుప్పొడిని పోలెన్ అంటున్నది అదే మాట.

పిప్పలి_మూలం
ధ కి ప కి సంబంధం ఉండకూడదని రూల్ ఎవరు పెట్టారు?

రైన్_ఒడ్డున
సంచి గారూ, మీ ప లెక్క నాకు నచ్చలేదు. ఇంగ్లీష్‌లో పెప్పర్‌లో ప అలాగే ఉంది, పౌడర్‌లో ప అలాగే ఉంది. పెప్పర్ పాత అరువు అని మీరే ఒప్పుకుంటారు. అప్పుడు ప ని బట్టి కాలం ఎలా చెప్తారు? పుస్తకంలో దొరకలేదంటే జనం పలకలేదనా? సైనికుడు కాగితం మీద రాసి మాట్లాడతాడా?

అక్షరాల_సంచి
పైన చదవండి, ఆ మార్పు ముఖ్యంగా దక్షిణ జర్మనీది అన్నాను. ఇంగ్లీష్‌కీ డచ్‌కీ అది తగల్లేదు, వాళ్ళది పెప్పర్, పేపెర్. ఇంగ్లీష్‌లో చూడాల్సింది ప కాదు, ల. లాటిన్ పుల్వెరెమ్ ఫ్రెంచి వాళ్ళ నోట్లో నలిగి నలిగి పుల్‌డ్రె అయింది, ల, ర మధ్య పలకడానికి వీలుగా డ దూరింది, తర్వాత ఆ ల కూడా అచ్చులో కలిసిపోయి పూడ్ర్ మిగిలింది. ఇంగ్లీష్ వాళ్ళు 1300 ప్రాంతంలో తీసుకున్నది ఈ ల పోయి డ వచ్చిన సరుకుని. జర్మన్ పుల్వర్‌లో ల ఉంది, డ లేదు, అంటే నేరుగా లాటిన్ నుంచి, చదువుకున్న వాళ్ళ ద్వారా వచ్చింది. ఇంకా వినండి, 17వ శతాబ్దంలో జర్మన్లు మొహానికి, విగ్గులకి రాసుకునేదాని కోసం ఫ్రెంచి నుంచి అదే మాట మళ్ళీ తెచ్చుకున్నారు, అదే పూడర్. మీ షాపులో చంటిపిల్లల పౌడర్ డబ్బా మీద బేబీపూడర్ అని ఉంటుంది, రెండు వరసల అవతల బాక్‌పుల్వర్ ఉంటుంది, రెండూ ఒక తల్లి బిడ్డలే.

ఇంకో సంగతి. దుమ్ము అనే అర్థం మాత్రం నిలవలేదు. చర్చిలో బూడిద బుధవారం నాడు "నువ్వు పుల్విస్‌వి, పుల్విస్‌లోకే తిరిగి పోతావు" అని లాటిన్లో ఏటా వినేవాళ్ళు. అయినా 1611 ఇంగ్లీష్ బైబిల్లో అక్కడ డస్ట్ అనే ఉంది, బైబిల్‌ని జర్మన్లోకి తెచ్చిన లూథర్ ఎర్డె అన్నాడు, అంటే మన్ను. గాలికి లేచే దుమ్ము జర్మన్‌కి ష్టౌబ్, డచ్‌కి స్టోఫ్, ఇంగ్లీష్‌కి డస్ట్ గానే ఉండిపోయింది. నిలిచింది మనిషి కావాలని నూరిన పొడి పేరు. నూరేది ఎవరు? వైద్యుడు, వంటవాడు. ఇంగ్లీష్ కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల మొదట్లో వంటవాడు కోడిని మూలుగ ఎముకలతో ఉడకబెట్టి "పూద్రె మార్చంట్" అనే పుల్లటి మసాలా పొడి, దుంపరాష్ట్రం వేస్తాడు. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీష్ పౌడర్ అదీ.

ల్యాబ్_రాజు
తుపాకి మందు వల్లే ఆ మాట అన్ని దేశాలకీ పాకిందని ఎక్కడో చదివాను.

అక్షరాల_సంచి
తుపాకి మందు గురించి యూరప్‌లో రాతలు కనపడేది 13వ శతాబ్దం రెండో సగంలో, ఇంగ్లండ్ పండితుడు రోజర్ బేకన్ 1267లో రాసినవి చూడండి. జర్మన్లో పుల్వర్ అప్పటికే ఉంది. పైగా తుపాకి మందుని డచ్ వాళ్ళు క్రౌట్ అంటారు, స్వీడన్ వాళ్ళు క్రూట్, డెన్మార్క్ వాళ్ళు క్రుట్. అన్నీ మూలికని, ఆకుని అనే మాటే. పాత జర్మన్లో కూడా మందూ గుండూ అనడానికి "క్రౌట్ ఉంట్ లోట్" అనేవాళ్ళు.

చిట్టి_గారె
మనం కూడా తుపాకి *మందు* అనే అంటాం!! మందుగుండు కూడా.

అక్షరాల_సంచి
అదే కదా నేను మొత్తుకునేది. అక్కడా ఇక్కడా జనానికి ముందు తెలిసిన పొడి మందు పొడే.

రైన్_ఒడ్డున
ఇంతసేపూ చాసర్, లూథర్, బేకన్. మనిషి సంగతి ఒక్కటీ లేదు. మా అమ్మాయి "కారం పౌడర్ ఇవ్వు నాన్నా" అంటుంది, "పసుపు పౌడర్" అంటుంది. దానికి జర్మన్ వచ్చు కాబట్టి పుల్వర్ అన్నా సరే అనుకునేవాణ్ణి. కానీ హైదరాబాద్‌లో పెరుగుతున్న మా మేనకోడలు కూడా అంతే. పొడి అంటే దానికి ఇడ్లీలోకి వేసుకునేది ఒకటే. వైద్యుడు తెచ్చాడు వంటవాడు తెచ్చాడు అని మీరు ముద్దుగా చెప్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది, ఒక మాట వచ్చిందంటే ఇంకో మాట కుర్చీ ఖాళీ చేసినట్టే.

అక్షరాల_సంచి
ఇది ముందే చెప్పుంటే ప, ల అంటూ ఇంత టైపు చేసేవాణ్ణి కాదు. సరే నాదీ వినండి. నేను అనువాదాలు చేస్తా. వరదలొచ్చినప్పుడు బావుల్లో బ్లీచింగ్ పౌడర్ ఎంత కలపాలో ఒక కరపత్రం రాసిచ్చాను. పై అధికారి దాన్ని కొట్టేసి "విరంజన చూర్ణం" అని అచ్చేయించాడు. ఊళ్ళో ఆడవాళ్ళు అది ఆయుర్వేదం మందు అనుకుని ఎన్ని పూటలు తాగాలని అడిగారు. కుర్చీ కుర్చీ అంటూ మీరు కాపాడే మాట వల్ల జనం నోట్లోకి బ్లీచింగ్ పోయేది. జనానికి పని జరిగే మాట కావాలి, పుట్టుక ఎక్కడైతేనేం.

రైన్_ఒడ్డున
చూర్ణం అనమని నేనన్నానా? పొడి అనే మాట లేదా మనకి? మీ మీద ఎవరో సంస్కృతం రుద్దితే ఆ కోపం పొడి మీద చూపిస్తున్నారు.

పిప్పలి_మూలం
చూర్ణంలో తప్పేముంది?

మోడరేటర్
అధికారుల గురించి, ఇంట్లో పిల్లల గురించి ఇక్కడితో ఆపండి. విషయానికి రండి.

రైన్_ఒడ్డున
విషయమే మాట్లాడతా. సంచి గారు డస్ట్ క్షేమంగా ఉందన్నారు. లేదు. 10వ శతాబ్దపు ఇంగ్లీష్ వైద్యపు రాతలు తీయండి, ఆకు ఎండబెట్టి "గ్నిద్ టు దుస్తె" అని ఉంటుంది, నూరి డస్ట్ చెయ్యి అని. అంటే మందు పొడికి వాళ్ళకి సొంత మాట ఉంది, వైద్యుడి నోట్లోనే ఉంది. తర్వాత ఏమైంది? 1066లో నార్మన్లు గెలిచారు. ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు దొరలయ్యారు, మందుల గదిలోకి పౌడర్ వచ్చింది, డస్ట్‌ని వాకిట్లోకి గెంటారు. ఇవాళ ఏ ఇంగ్లీషువాడైనా మందుని డస్ట్ అంటే ముక్కు మూసుకుంటాడు. పొడికి పట్టబోయేది ఇదే గతి. మీ రాతల్లోంచే చూపించా.

అక్షరాల_సంచి
ఇంగ్లండ్ విషయంలో నార్మన్లు ఉన్నారు, నేను ఎప్పుడు కాదన్నా? జర్మన్లని ఏ లాటిన్ వాడు గెలిచి పుల్వర్ అనిపించాడో అది చెప్పండి. 1200లో రోమన్ సైన్యం ఎక్కడుంది? సరే స్వీడన్ తీసుకోండి, రోమ్ ఆ దేశం గడప తొక్కలేదు, వాళ్ళూ బాక్‌పుల్వర్ అనే అంటారు. ఉత్తర జర్మనీ వర్తకులు ఓడల్లో తీసుకెళ్ళిన మాటల్లో అదొకటి. ఇంగ్లీష్‌లో కూడా రంపపు పొట్టు సాడస్టే, బంగారు రజను గోల్డ్ డస్టే, డస్ట్ చచ్చిపోలేదు.

రైన్_ఒడ్డున
ఆ వర్తకులు నార్వేలో బెర్గెన్ రేవులో తమకంటూ ఒక పేటే పెట్టుకుని ఎండు చేపల వ్యాపారం మొత్తం గుప్పిట్లో పెట్టుకున్నారు. అది అధికారం కాదా? కత్తి లేకపోతే బలవంతం లేనట్టేనా? మా మేనకోడలి మీద కూడా ఎవరూ కత్తి పెట్టలేదు.

చిట్టి_గారె
మా ఇంట్లో కందిపొడే అంటామండీ, మా పిల్లలు కూడా. పౌడర్ అంటే మొహానికే.

అక్షరాల_సంచి
చిట్టి గారు చెప్పింది చూడండి, ష్టౌబ్, పుల్వర్ లాగా రెండూ ఒకే ఇంట్లో పని పంచుకుని బతుకుతున్నాయి.

రైన్_ఒడ్డున
ఇంకో ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఇంట్లో అడిగి చెప్పండి.