కదిలే విద్యుత్ ఆవేశంపై అయస్కాంత బలం పని చేస్తుందా, చేయదా?

పర్లాకిమిడి_అమ్మ:
మా అమ్మాయి ప్లస్ టూ రెండో సంవత్సరం చదువుతోంది. కదిలే ఆవేశంపై అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికీ క్షేత్రానికీ లంబంగానే ఉంటుందనీ, కాబట్టి అది పనే చేయదనీ, అంటే ఆవేశానికి శక్తి ఇవ్వదనీ పుస్తకంలో ఉంది. ఇది నిజమేనా? ఆగి ఉన్న ఆవేశంపై బలం ఎందుకు ఉండదు? ఎలక్ట్రానుపై బలం ఏ దిశలో ఉందో వేళ్లతో కనుక్కోవడానికి ఏ చెయ్యి వాడాలి? పరీక్షలు దగ్గరపడ్డాయి, దయచేసి తెలిసినవారు వివరించండి.

రాయగడ_వైండింగ్:
అమ్మా, మా దుకాణంలో చుట్టి ఇచ్చిన పది హార్స్‌పవర్ మోటారు నాగావళి నుంచి గట్టు మీది పొలానికి నీళ్లు ఎక్కిస్తోంది. స్టేటరు అనే కదలని భాగంలో రాగి తీగ, దానిలో కరెంటు, దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం, మధ్యలో తిరిగే రోటరు, అంతే. ఆ నీళ్లను ఎత్తిన పని క్షేత్రానిది కాకపోతే ఎవరిదో పుస్తకం రాసినవారే చెప్పాలి.

బరంపురం_పాతటీవీ:
పిక్చర్ ట్యూబు టీవీలు బాగుచేసిన ఎవరికైనా ఈ సంగతి చేతికి అందినట్టు తెలుస్తుంది. ఎలక్ట్రానులకు వేగమిచ్చేది ఇరవై అయిదు వేల వోల్టుల విద్యుత్ క్షేత్రం. ఆ వేగం సెకనుకు దాదాపు తొమ్మిది కోట్ల మీటర్లు. ట్యూబు మెడ మీద కూర్చున్న యోక్ కాయిల్ ఆ ఎలక్ట్రానుల పుంజాన్ని తన అయస్కాంత క్షేత్రంతో పక్కకీ పైకీ కిందకీ తిప్పుతుంది గాని, దాని వేగాన్ని పిసరంత కూడా పెంచదు. కలర్ టీవీని తూర్పు ముఖంగా పెట్టి రంగులు సరిచేసి, తర్వాత ఉత్తరానికి తిప్పితే, మూలల్లో రంగు మళ్లీ చెదిరేది. భూమి అయస్కాంత క్షేత్రమే దానికి కారణం.

గుణుపురం_విశ్రాంత_లెక్చరర్:
నేను ప్లస్ త్రీ తరగతులకు విద్యుదయస్కాంతత్వం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని. కోల్‌కతాలో 1977లో తొలి పుంజాన్ని ఇచ్చిన 224 సెంటీమీటర్ల సైక్లోట్రాన్‌ను, అంటే ఆవేశమున్న కణాలను తిప్పుతూ వేగం పెంచే యంత్రాన్ని, దగ్గరుండి చూసినవాడిని కూడా. అక్కడ కణాన్ని వలయంలో తిప్పేది అయస్కాంతం. ప్రతి సగం చుట్టులోనూ దాన్ని ముందుకు తోసేది డీలు అనే రెండు బోలు లోహపు అర్ధవృత్తాల మధ్య ఖాళీలోని విద్యుత్ క్షేత్రం. వేగం పెరిగితే వలయం పెద్దదవుతుంది గాని ఒక్కో చుట్టుకు పట్టే కాలం మారదు; ఒక టెస్లా క్షేత్రంలో ప్రోటాను సెకనుకు సుమారు 1.52 కోట్ల చుట్లు తిరుగుతుంది. వైండింగ్ గారు సూత్రం తెలియకుండా మాట్లాడకూడదు.

రాయగడ_వైండింగ్:
మాస్టారూ, మీరు సైక్లోట్రాన్ చూశారు, సంతోషం. అయితే నేను అడిగింది మోటారు గురించి. ఆ ప్రశ్నను పక్కన పెట్టి, దుకాణంలో కూర్చున్నవాడికి ఏమి తెలుసన్నట్టు రాయడం మర్యాద కాదు.

జయపురం_ఎమ్మెస్సీ:
పెద్దలు ఇద్దరూ శాంతించండి. మోటారులో తిరిగే తీగలోని ఎలక్ట్రానుకు రెండు కదలికలు ఉన్నాయి: తీగ వెంట ఒకటి, తీగతో కలిసి అడ్డంగా మరొకటి. మొదటి కదలిక వల్ల పుట్టిన బలం తీగను అడ్డంగా తోస్తుంది. రెండో కదలిక వల్ల పుట్టిన బలం కరెంటుకు ఎదురు నిలుస్తుంది. ఒకటి ఎంత ఇస్తుందో రెండోది సరిగ్గా అంతే తీసుకుంటుంది కాబట్టి మొత్తం పని సున్నా. నీళ్లు ఎక్కించిన శక్తి ఆ ఎదురునెట్టును తట్టుకుంటూ కరెంటును నడిపిన సరఫరాది. క్షేత్రం దాన్ని మళ్లించి రోటరుకు అందిస్తుంది.

రాయగడ_వైండింగ్:
ఇప్పుడు మోటారు మాట వచ్చింది. బేరింగు బిగుసుకుపోయి రోటరు ఆగితే ఎదురునెట్టు దాదాపు పోతుంది. కరెంటు మామూలు కంటే అయిదారు రెట్లు లాగుతుంది. ముందు వార్నిష్ కాలిన వాసన వస్తుంది, తర్వాత స్లాట్ల అంచున ఎనామిల్ నల్లబడి పొట్టు పొట్టుగా రాలుతుంది. అయినా తీగను తోసేది క్షేత్రమే. ఆ మాట మీద నేను నిలబడతాను.

గుణుపురం_విశ్రాంత_లెక్చరర్:
తోయడం వేరు, శక్తి ఇవ్వడం వేరు. ఈ తేడా చెప్పకుండా పిల్లలకు మోటారు ఉదాహరణ ఇస్తే పరీక్షలో మార్కు పోతుంది.

పర్లాకిమిడి_అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. అయితే చెయ్యి సంగతి, ఆగి ఉన్న ఆవేశం సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

జయపురం_ఎమ్మెస్సీ:
ఆవేశం, వేగం, క్షేత్రం, వేగానికీ క్షేత్రానికీ మధ్య కోణపు సైన్, వీటి లబ్ధమే బలం. వేగం సున్నా అయితే బలమూ సున్నా. ఆవేశంతో సమానంగా పరిగెత్తేవారికి అది ఆగినట్టే కనిపిస్తుంది గదా అని అమ్మాయి అడగవచ్చు. అప్పుడు వారికి అక్కడ విద్యుత్ క్షేత్రం కనిపిస్తుంది, తోసేది అదే. ఐన్‌స్టీన్ 1905 నాటి సాపేక్షతా వ్యాసం అయస్కాంతం, తీగల మధ్య ఇలాంటి చిక్కుతోనే మొదలవుతుంది.

బరంపురం_పాతటీవీ:
ఎడమచెయ్యి పట్టి మూడు వేళ్లనూ ఒకదానికొకటి లంబంగా చాచండి: చూపుడువేలు క్షేత్రం, మధ్యవేలు కరెంటు, బొటనవేలు బలం. ఎలక్ట్రాను ఎటు పోతే మధ్యవేలు దానికి ఎదురు దిశలో ఉండాలి. మన ప్రాంతంలో భూమి క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం ఉత్తరానికి, సుమారు 40 మైక్రోటెస్లాలు. తూర్పు ముఖం టీవీలో పుంజం తూర్పుకు వస్తుంది. మధ్యవేలు పడమరకు, చూపుడువేలు ఉత్తరానికి పెడితే బొటనవేలు నేలను చూపిస్తుంది. ముప్పై సెంటీమీటర్ల దారిలో పుంజం సుమారు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. పడమర ముఖంగా పెడితే అంతే పైకి లేస్తుంది.