ఆల్కహాల్ రక్షణకు టీబీఎస్ క్లోరైడా, డైహైడ్రోపైరానా?

సంశ్లేషకుడు:
కైరల్ (తన అద్దపు ప్రతిబింబంతో ఏకీభవించని) ఆల్కహాల్‌ను పలు దశల సంశ్లేషణలో కాపాడటానికి, అంటే దాని ఓహెచ్ సమూహం ఇతర చర్యల్లో పాల్గొనకుండా తాత్కాలికంగా కప్పి ఉంచడానికి, డైహైడ్రోపైరాన్ వాడకాన్ని ఇక మానుకోవాలన్నది నా వాదన. దానితో ఏర్పడే టీహెచ్‌పీ (టెట్రాహైడ్రోపైరనిల్) ఈథర్‌లో కొత్తగా ఒక కైరల్ కేంద్రం పుడుతుంది కాబట్టి, అప్పటికే కైరల్ కేంద్రం ఉన్న అణువు రెండు డయాస్టీరియోమర్ల (ఒకదానికొకటి అద్దపు ప్రతిబింబాలు కాని త్రిమితీయ రూపాల) మిశ్రమంగా మారుతుంది. అణు నిర్మాణాన్ని తెలిపే ఎన్‌ఎంఆర్ వర్ణపటంలో సంకేతాలు జంటలుగా కనిపించడంతో, ఏది మలినమో ఏది రెండో డయాస్టీరియోమరో తేల్చుకోవడం కష్టమవుతుంది. రసాయన శాస్త్రవేత్తలు కోరీ, వెంకటేశ్వర్లు 1972లో ప్రకటించినట్లు డీఎంఎఫ్ అనే ద్రావణిలో ఇమిడజోల్ అనే క్షారంతో కలిపి టీబీఎస్ (టెర్ట్-బ్యూటైల్‌డైమిథైల్‌సిలిల్) క్లోరైడ్ వాడితే ఈ చిక్కు ఉండదు. సిలికాన్ మీద రెండు మిథైల్ సమూహాలు ఉన్నందున అది కైరల్ కేంద్రం కాదు.

ప్రక్రియా రసాయనజ్ఞురాలు:
ఎన్‌ఎంఆర్ గురించి మీరన్నది నిజమే గానీ, అందుకోసం ఒక మంచి కారకాన్నే వదులుకోమనడం సరికాదు. డైహైడ్రోపైరాన్ చవకైనది, పైగా అణువు మొత్తం ఆల్కహాల్‌కు చేరిపోతుంది. పీపీటీఎస్ వంటి మంద ఆమ్లం కొద్దిగా ఉంటే చాలు. టీబీఎస్ క్లోరైడ్ విషయంలో వెలువడే ఆమ్లాన్ని ఇమిడజోల్ పట్టుకోవాలి, ఆ లవణాన్నీ డీఎంఎఫ్‌నూ నీటితో కడిగి తొలగించాలి. పెద్ద మోతాదులో ఈ వ్యర్థాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఆల్కహాల్ అకైరల్ అయితే మీ అభ్యంతరానికి ఆధారమే లేదు.

పరిశోధక విద్యార్థి:
ఇద్దరూ రక్షక సమూహాన్ని తగిలించడం గురించే మాట్లాడారు. నా దృష్టిలో అసలు పరీక్ష తొలగించేటప్పుడు ఎదురవుతుంది. టీబీఎస్‌ను తీయడానికి సాధారణంగా వాడే టీబీఏఎఫ్ అనే ఫ్లోరైడ్ లవణానికి గణనీయమైన క్షార స్వభావం ఉంది. కీటోన్‌కు బీటా స్థానంలో (కార్బొనైల్ నుంచి రెండో కార్బన్ మీద) సిలిలాక్సీ, అంటే సిలిల్‌తో రక్షించిన ఆక్సిజన్, సమూహం ఉన్న అణువులో అది ఎలిమినేషన్‌కు (ఆ సమూహం ఊడిపోయి ద్విబంధం ఏర్పడటానికి) దారితీసి, కష్టపడి నిలబెట్టుకున్న ఆక్సిజన్‌నే పోగొట్టవచ్చు. 1,2-డయోల్‌లో (పక్కపక్క కార్బన్ల మీద రెండు ఓహెచ్ సమూహాలున్న అణువులో) ఒక్క ఆక్సిజన్‌నే రక్షించినప్పుడైతే, క్షార పరిస్థితుల్లో సిలిల్ సమూహం పక్క ఆక్సిజన్ మీదికి జరిగిపోయే ప్రమాదమూ ఉంది. టీహెచ్‌పీకి ఈ వలస బెడద లేదు, వెచ్చని ఇథనాల్‌లో పీపీటీఎస్‌తో అది తొలగిపోతుంది. అయితే అదే అణువులో అసిటోనైడ్ వంటి ఆమ్లానికి లొంగే సమూహం ఉంటే నేనూ టీబీఎస్ వైపే మొగ్గుతాను.

సంశ్లేషకుడు:
అకైరల్ ఆల్కహాళ్ల విషయంలో ప్రక్రియా రసాయనజ్ఞురాలు గారి మాటను అంగీకరిస్తున్నాను. కానీ విద్యార్థి చెప్పిన బీటా-సిలిలాక్సీ కీటోన్ ఉదాహరణ టీబీఏఎఫ్‌కు వర్తిస్తుందే తప్ప టీబీఎస్ సమూహానికి కాదు. అక్కడ హైడ్రోజన్ ఫ్లోరైడ్–పిరిడిన్ వాడితే ఆ క్షార సమస్య రాదు, అది గాజును కొరికేస్తుంది కాబట్టి గాజు పాత్రను మాత్రం దూరంగా ఉంచాలి. డయోల్‌లో వలస గురించి చెప్పింది బలమైన అభ్యంతరం, అక్కడ నేనూ టీబీఎస్‌ను సిఫారసు చేయను.