అప్‌డేట్: సమీకరణాలతో బొమ్మలు వేయించాను
మా లెక్కల క్లాసులో ఇంటర్ పిల్లలు గ్రాఫులంటేనే ఆవలిస్తున్నారు, ఏం చేయమంటారని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా. సమీకరణాలతో బొమ్మలు గీయించమన్నారు. సమీకరణం రాస్తే గ్రాఫు గీసిపెట్టే డెస్మోస్‌లో మొదలుపెట్టాం, ఉచితం, ఫోనులోనూ పనిచేస్తుంది.

పరావలయాలతో (పారాబోలాలతో) చేపలు చకచకా వచ్చేశాయి. అసలు సందడి పూరేకుల్లా వచ్చే గులాబీ వక్రం దగ్గర. ఆర్ = కాస్(3 తీటా) అంటే మూడు రేకులు (ఆర్ అంటే కేంద్రం నుంచి దూరం, తీటా అంటే తిరిగిన కోణం). 3 బదులు 4 పెడితే ఎనిమిది! బేసి సంఖ్యయితే రెండో అరచుట్టులో వక్రం పాత రేకుల మీదే నడుస్తుంది, సరి సంఖ్యయితే కొత్తవి వేస్తుంది. ఒక అమ్మాయి ఆరు రేకులే కావాలని పట్టుబట్టింది. 6 పెడితే పన్నెండు వచ్చాయి. చివరికి కాస్(3 తీటా)కు మాడ్యులస్ (మైనస్ విలువను ప్లస్ చేసే గుర్తు) తగిలించి ఆరూ రప్పించింది. నేను చెప్పలేదు సుమండీ!

మార్కుల సంగతి ఇప్పుడే చెప్పలేను. బొమ్మల్లో రంగులు నింపాలి, అందుకు కావలసిన అసమీకరణాలు (సమానం బదులు ఎక్కువ, తక్కువ గుర్తులుండేవి) ఎప్పుడు చెబుతారని మాత్రం వెంటపడుతున్నారు.