ర్యాలీ కారుకు స్కిడ్ ప్లేటు: ఉక్కా, అల్యూమినియమా?

ప్రశ్న:
ర్యాలీలో నడిపే కారు ఇంజన్ అడుగున బిగించే స్కిడ్ ప్లేటును నేనే రూపొందిస్తున్నాను. 3 మిల్లీమీటర్ల ఉక్కు మంచిదా, 6 మిల్లీమీటర్ల అల్యూమినియం మంచిదా అన్నది తేలడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి జవాబు:
చదరపు మీటరుకు ఆ ఉక్కు దాదాపు 23.5 కిలోలు, అల్యూమినియం 16 కిలోలు తూగుతాయి. వంగకుండా నిలిచే బిగువు మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, తేలికైనదే అయినా మీ అల్యూమినియం ప్లేటే రెండున్నర రెట్లకు పైగా గట్టిగా నిలుస్తుంది. పదునైన రాళ్ల మీద అదేపనిగా రాసుకుపోయే దారి అయితే మాత్రం నేను ఉక్కుకే ఓటు వేస్తాను.

రెండో జవాబు:
లోహం కంటే బోల్టులే నన్ను ఎక్కువ ఏడిపించాయి. తలలు బయటికి పొడుచుకు వచ్చేలా బిగించినందువల్ల, రాయి తగిలి రెండు తెగిపోయి, ప్లేటు ముందు అంచు నేలను దున్నుకుంటూ వచ్చింది. తలలు లోపలికి దిగేలా గుంటలు తీయించండి.

ప్రశ్న అడిగినవారు:
గుంటలతో పాటు ఆయిల్ తీయడానికి రంధ్రం కూడా ఇప్పుడు ప్లేటు డ్రాయింగులో చేర్చాను, ఆ రంధ్రం సంగతి ఇంతవరకు మరిచేపోయాను!